లేబర్ వీసాకు లక్ష కట్టే ముందు బేసిక్ ఎంతో చూడండి

2007 ప్రాంతంలో మావాళ్లు సౌదీకి లేబర్ వీసా మీద పోతే నెలకు 700, 800 రియాళ్లు వచ్చేవి. ఇప్పుడు అదే వీసాకు వస్తున్న ఆఫర్ లెటర్లలో 1000 రియాళ్లు కనపడుతోంది, అప్పుడప్పుడు 900 కూడా. ఇన్నేళ్లలో పెరిగింది ఆ కాస్తే. అయినా ఊళ్లో ఎవరిని కదిపినా "సౌదీల జీతాలు మస్తు పెరిగినయ్" అంటారు. అలా అనిపించడానికి కారణం మన రూపాయి. రియాల్‌ను 1986 నుంచి డాలర్‌కు 3.75 చొప్పున కట్టేసి ఉంచారు, అది కదలదు. రూపాయి మాత్రం జారుతూనే వచ్చింది. 2007లో రియాల్ అంటే పదకొండు రూపాయలు, ఇప్పుడు 23 దాటింది. అప్పటి 800 రియాళ్లు 8,800 రూపాయలు, ఇప్పటి 1000 రియాళ్లు 23 వేల పైమాట. ఇంటి ఖాతాలో పడే అంకె చూసుకుంటే రెండున్నర రెట్లు దాటినట్టే.

మరి అదే కాలంలో ఊళ్లో ఏమైంది? ఉపాధి హామీ పని 2006లో మన దగ్గర మొదలైనప్పుడు రోజు కూలి 80 రూపాయలు. 2025-26కి అది 307. సర్కారు కూలి ఎప్పుడూ బజారు కూలికి వెనకే నడుస్తుంది, అయినా అదే దాదాపు నాలుగు రెట్లయింది. మా జగిత్యాల జిల్లా మెట్‌పల్లిలో ఇవాళ తాపీ మేస్త్రీ వెయ్యికి తక్కువైతే రాడు. హెల్పర్‌ కూడా 650, 700 అడుగుతాడు. నెలకు ఇరవై నాలుగు రోజులు పని దొరికితే హెల్పర్‌కు పదహారు వేలు. సౌదీలో 1000 రియాళ్లవాడు మెస్సుకు 300 కట్టుకుంటే మిగిలే 700 రియాళ్లు కూడా పదహారు వేలే. ఒకప్పుడు ఊరి కూలికీ గల్ఫ్ కూలికీ మధ్య మూడు నాలుగు రెట్ల తేడా ఉండేది. ఆ తేడా చూసే మా నాన్నల తరం భూమి కుదువబెట్టి బొంబాయి బస్సెక్కింది. ఆ లెక్క వాళ్లకు సరిపోయింది కూడా. మేము ఇంకా అదే లెక్క పట్టుకుని తిరుగుతున్నాం.

నేను చెప్పదలచుకున్నది సూటిగా ఇదీ. చేతిలో పనితనం లేకుండా, లక్ష రూపాయలు ఎదురు కట్టి, గల్ఫ్‌కు లేబర్‌గా పోవడం ఇప్పుడు నష్టపు బేరం. హెవీ డ్రైవర్‌కో, వెల్డర్‌కో, ఏసీ మెకానిక్‌కో ఇంకా గిట్టుతుంది, అదీ వీసాకు ఎక్కువ పోయకపోతేనే.

ఇది చెప్పడానికి నేనెవరినంటే, సౌదీలోనూ తర్వాత ఖతర్‌లోనూ లేబర్ క్యాంపుల్లో టైమ్‌కీపర్‌గా చేశాను. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకుని జీతాల షీటు తయారు చేయడం నా డ్యూటీ. ఇప్పుడు ఇక్కడ ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. వీసా కాపీ, టికెట్, మెడికల్ స్లిప్పు ప్రింటు తీయించుకోవడానికి వచ్చేవాళ్లే నాకు సగం గిరాకీ. అంటే ఈ కాగితాలను కంపెనీ బల్ల వెనక నుంచీ చూశాను, ఇప్పుడు పిల్లల చేతుల్లోనూ చూస్తున్నాను.

ఈమధ్య పక్క ఊరి కుర్రాడు ఒకడు దుబాయిలో క్లీనింగ్ పనికి వచ్చిన ఆఫర్ లెటర్ పట్టుకొచ్చాడు. "అన్నా, పన్నెండు వందల దిర్హాములు. మా బావకు గూడ గంతే. ఏజెంటు మంచోడే," అన్నాడు. కాగితం చూస్తే బేసిక్ (అసలు జీతం) 700, అదర్ అలవెన్స్ 500, మొత్తం 1200. ఏజెంట్లు వేలు పెట్టి చూపించేది ఎప్పుడూ ఆ ఆఖరి గీత కింది మొత్తాన్నే. బావ కాగితం వాట్సాప్‌లో తెప్పించమన్నాను. అతనిది వేరే కంపెనీ. 1200 అంతా బేసిక్కే. చూడటానికి ఇద్దరిదీ ఒకే జీతం.

కౌంటర్ మీదే లెక్క వేసి చూపించాను. యూఏఈ చట్టం ప్రకారం ఓటీ (ఓవర్‌టైమ్) గంటకు బేసిక్ మీద పావు వంతు కలిపి ఇవ్వాలి. నెలకు 240 గంటలు అనుకుంటే బావకు గంట 5 దిర్హాములు, ఓటీ గంట 6.25. కుర్రాడికి మామూలు గంట 2.92, ఓటీ గంట 3.65. రోజుకు రెండు గంటల ఓటీ చొప్పున ఇరవై ఆరు రోజులు చేస్తే బావకు 325 దిర్హాములు వస్తాయి, ఇతనికి 190. నెలకు 135 తేడా. ఇక వచ్చేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఉంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ లెక్కన ఇస్తారు. బావకు ఏడాదికి 840, ఇతనికి 490. ఐదేళ్లకు ఓటీ తేడా 8,100, గ్రాట్యుటీ తేడా 1,750, కలిపి 9,850 దిర్హాములు. దిర్హాముకు 23 రూపాయలు పట్టినా రెండు లక్షల ఇరవై ఆరు వేలు. ఒకే పని, ఒకే ఎండ, ఒకే పన్నెండు వందలు. కంపెనీ రెండు గీతలు అటూ ఇటూ జరిపి అంత మిగుల్చుకుంటుంది.

కుర్రాడు చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. తర్వాత, "బేసిక్ పెంచమని అడగొచ్చానే?" అన్నాడు. అడగొచ్చు, చాలాసార్లు పెంచరు. కానీ అడిగితే ఏజెంటు వీసా రేటైనా కొంత దించుతాడు, ఇది నేను చూశాను. అడిగేవాడు అరుదు కాబట్టే వాళ్లకు ఆ భయం.

ఈ అలవెన్సుల విరుపు అన్ని దేశాల్లోనూ ఇంత తేలిక కాదు. ఖతర్‌లో 2021 మార్చి నుంచి ఏ దేశం మనిషికైనా బేసిక్ 1000 ఖతర్ రియాళ్లకు తగ్గకూడదని చట్టం ఉంది. కంపెనీ వసతి ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే ఇంకో 300 ఇవ్వాలి. అది వచ్చాక మా షీట్లలో చాలామంది బేసిక్ గడిలో అంకె మారింది. 1000 రియాళ్లేమీ గొప్ప జీతం కాదు. కానీ కింద ఒక నేల అంటూ ఉంది. యూఏఈలో మనలాంటి బయటివాళ్లకు ఆ నేల లేదు. అక్కడ ప్రభుత్వం 2009లో తెచ్చిన జీతాల పద్ధతి వల్ల డబ్బు బ్యాంకు ద్వారా పడుతుంది, పడకపోతే సర్కారుకు తెలుస్తుంది. ఎంత పడాలన్నది మాత్రం నువ్వు సంతకం పెట్టిన కాగితం చెప్పినంతే.

ఇక వీసా రేటు సంగతి. జీతం గురించి మాట్లాడేవాళ్లు దీన్ని విడిగా మాట్లాడతారు, నా దృష్టిలో రెండూ ఒకటే. మన దేశ నిబంధనల ప్రకారం రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు సర్వీస్ చార్జీ కింద తీసుకోదగ్గది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. కలిపి 35,400. సౌదీ కార్మిక చట్టం 40వ సెక్షన్ ఇంకా స్పష్టంగా, మనిషిని తెచ్చుకునే ఖర్చు, అఖామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు) ఖర్చు, వర్క్ పర్మిట్ ఖర్చు యజమానే భరించాలంటుంది. అసలైతే వీసా ఉచితం. అయినా మా వైపు లేబర్ వీసాకు లక్ష, లక్షా ఇరవై వేలు నడుస్తోంది. అక్కడ కంపెనీలో ఒకడు వీసాలు అమ్ముకుంటాడు, ముంబయిలో ఒకడు కొంటాడు, మండలంలో సబ్‌ఏజెంటు దానిపై తన వాటా వేసుకుంటాడు. రసీదు అడిగితే ఈ ముగ్గురిలో ఎవరూ ఇవ్వరు.

ఆ లక్షా ఇరవై వేలు బ్యాంకు ఇవ్వదు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. ఖర్చులన్నీ పోను ఇంటికి నెలకు పదిహేను వేలు పంపగలిగితే, అందులో ఇల్లు గడవడానికి ఎనిమిది వేలు పోయి అప్పుకు ఏడు వేలు మిగులుతాయి. మొదటి నెల వడ్డీయే 3,600. ఇలా కట్టుకుంటూ పోతే అప్పు తీరడానికి ఇరవై నాలుగు నెలలు దాటుతుంది. సౌదీ అగ్రిమెంటు ఎన్నాళ్లు? మామూలుగా రెండేళ్లు. అంటే మొదటి అగ్రిమెంటు మొత్తం ఏజెంటుకూ, వడ్డీవ్యాపారికీ చేసిన చాకిరీ. తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండుకు దొరికితే ఇరవై ఒక్క నెలలు. అదే చట్టం చెప్పిన ఫీజు కట్టి, పాస్‌పోర్టు, మెడికల్ కలిపి యాభై వేలలో బయటపడి, రెండు రూపాయల వడ్డీ అయితే ఎనిమిది నెలల్లో అప్పు తీరుతుంది. జీతంలో ఒక్క రియాల్ మార్పు లేకుండానే ఏడాదికి పైగా సంపాదన ఇంటికి మిగులుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను జీతం సంగతి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది వీసాకు ఎంతిచ్చారు, వడ్డీ ఎంత అని.

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్న తెలిసిందే. "ఊళ్లో ఏమున్నదని ఉండమంటవే?" ఈ ప్రశ్నను తీసిపారేయలేను. ఇందులో నా లెక్కకు అందని సంగతులు రెండున్నాయి.

ఒకటి డబ్బు నిలవడం. ఇక్కడ హెల్పర్‌కు రోజూ సాయంత్రం ఏడు వందలు చేతికొస్తాయి, రోజూ కరిగిపోతాయి. దావతు, చిట్టీ, బెల్టుషాపు, చెల్లెలి బిడ్డ ఓణీల ఫంక్షన్, బండి కిస్తీ. నెలాఖరుకు పదహారు వేలు సంపాదించినవాడి జేబులో పదహారు వందలుండవు. సౌదీలో డబ్బు నెలకొకసారి వస్తుంది, ఖర్చు పెట్టడానికి క్యాంపు చుట్టూ ఇసుక తప్ప ఏమీ ఉండదు, ఒకేసారి ఇంటికి పంపేస్తారు. ఇక్కడి ఆడవాళ్లు ఈ మాట మగవాళ్లకన్నా ముక్కుసూటిగా చెబుతారు. "ఈడుంటె తాగుతడు, ఆడుంటె పంపుతడు." రెండు చోట్లా సంపాదన సమానమే అయినా ఇల్లు కట్టింది గల్ఫ్ డబ్బే అని వాళ్లు అంటే అందులో నిజముంది.

రెండోది పరువు. పదెకరాల ఆసామి కొడుకు కాకపోయినా, ఇంటర్ చదివిన పిల్లాడు సొంత ఊళ్లో తట్ట మొయ్యడు. దోహాలో మోస్తాడు, అక్కడ చూసేవాళ్లెవరూ లేరు. మా చుట్టుపక్కల రైస్‌మిల్లుల్లో హమాలీలు బీహార్ నుంచి వస్తారు, నాట్లకు కూడా ఆ వైపు నుంచే గుంపులు దిగుతున్నాయి. వాళ్లు వాళ్ల ఊళ్లో చెయ్యని పని ఇక్కడ చేస్తారు, మావాళ్లు ఇక్కడ చెయ్యని పని ఖతర్‌లో చేస్తారు. దీన్ని వెక్కిరించడం తేలిక, నేను ఆ పని చెయ్యను. పరువుకూ ఒక రేటుంటుంది. ఆ రేటు లక్షా ఇరవై వేలు, నూటికి మూడు వడ్డీ అని తెలిసి కట్టేవాడితో నాకు పేచీ లేదు. తెలియక కట్టేవాళ్లే ఎక్కువ. పైగా పొదుపు అలవాటు కోసం రెండేళ్లు మనిషిని ఇంటికి దూరంగా ఉంచడం చాలా ఖరీదైన చిట్టీ.

జీతాలు ఎందుకు ఇలా గడ్డకట్టుకుపోయాయి అనడిగితే చాలామంది అరబ్బుల పిసినారితనం అంటారు. నేను చూసిన షీట్లు వేరే సంగతి చెప్పాయి. ఒకే పనికి, ఒకే క్యాంపులో, పాస్‌పోర్టును బట్టి జీతం మారేది. ఫిలిప్పీన్స్ వాళ్లకు ఎక్కువ, మనకు తక్కువ, నేపాల్ వాళ్లకు ఒక్కోసారి ఇంకా తక్కువ. ఇంగ్లీషు వస్తుంది కాబట్టి వాళ్లకు ఎక్కువ అని సూపర్‌వైజర్లు చెప్పేవాళ్లు. కొంత అదీ ఉండొచ్చు. కానీ ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఇంటిపనికి పోయే తమ ఆడవాళ్లకు నెలకు 400 డాలర్లు తగ్గితే పంపేది లేదని 2006 చివర్లోనే నిబంధన పెట్టింది. నేపాల్ 2015లో గల్ఫ్, మలేషియాలకు వీసా, టికెట్ ఖర్చు యజమానిదే అని ప్రకటించింది. అమలు అంతంతమాత్రమే, అయినా అడిగిన మాట ఒకటుంది.

మనం ఏం చేశాం? మన కేంద్ర ప్రభుత్వానికి కూడా దేశాలవారీగా కనీస రెఫరల్ వేతనాలున్నాయి, అంటే ఇంతకు తక్కువ జీతానికి మనిషిని పంపకూడదనే లెక్క. 2020 సెప్టెంబరులో, కోవిడ్‌లో మనవాళ్ల ఉద్యోగాలు పోకుండా ఉండాలన్న కారణం చెప్పి వాటిని కోసేశారు. ఖతర్, యూఏఈ, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు, కువైట్‌కు 245, సౌదీకి 324. సరిగ్గా అంతకుముందు నెల ఆఖర్లోనే ఖతర్ 1000 రియాళ్ల కనీస వేతన చట్టం ప్రకటించింది. 200 డాలర్లంటే 728 ఖతర్ రియాళ్లు. కొనుక్కునేవాడు వెయ్యి ఇస్తానంటుంటే అమ్మేవాడు ఏడు వందల ఇరవై ఎనిమిది చాలన్నట్టయింది. గల్ఫ్ కార్మిక సంఘాలవాళ్లు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు, పార్లమెంటులో ప్రశ్నలు పడ్డాయి, 2021లో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది.

కోసిన రేటు ప్రకారమే చూసినా సౌదీకి 324 డాలర్లంటే 1215 రియాళ్లు. మరి 1000, 900 రియాళ్ల ఆఫర్లు ఎలా వస్తున్నాయి? రెండు దారులున్నాయి. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన రకం) కింద పడుతుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పని మీద పోవాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. వాళ్ల విషయంలో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఎక్కించే అగ్రిమెంటులో ఒక జీతం, అక్కడ దిగాక సంతకం పెట్టించే కాగితంలో ఇంకో జీతం ఉంటుంది. ఇక టెన్త్ పాసైనవాళ్లకు ఆ క్లియరెన్సే అక్కర్లేదు. ఇవాళ మా పిల్లలందరూ టెన్త్ పాసే. చదువుకున్నవాడు తనను తాను కాపాడుకోగలడని 1983 నాటి చట్టం అనుకుంది. టెన్త్ మెమో చూపించి నేరుగా విమానమెక్కే పిల్లాడికి ఆ కనీస వేతనం ఉందన్న సంగతే తెలియదు.

విజిట్ వీసా మీద దుబాయి పోయి పని వెతుక్కోవడం ఇంకో దారి. దీని గురించి ఎక్కువ చెప్పను. అగ్రిమెంటు లేదు, బీమా లేదు, గడువు దాటితే ఫైను మొదలవుతుంది. డిగ్రీ ఉండి, చేతిలో రెండు మూడు నెలలకు సరిపడా డబ్బుండి, ఆఫీసు పని వెతుక్కునేవాడికి అది ఒక పద్ధతి. లేబర్‌కు అది ఉచ్చు.

ఆజాద్ వీసా మాత్రం కాస్త విప్పి చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర దానికి ఇంకా మోజుంది. ఖఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పేరుకే ఉంటాడు, నువ్వు బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చు, కంపెనీ 1000 ఇస్తే బయట 2000 సంపాదించొచ్చు అంటారు. ఒకప్పుడు నిజంగానే అలా సంపాదించి ఇళ్లు కట్టినవాళ్లున్నారు. కానీ 2018 నుంచి సౌదీ ప్రభుత్వం విదేశీ కార్మికుల తలకింత అని కంపెనీల మీద వేసే లెవీని పెంచింది. 2020 నాటికి, సౌదీలకన్నా బయటివాళ్లు ఎక్కువున్న కంపెనీలకు అది నెలకు 800 రియాళ్లయింది. ఏడాదికి 9,600. కంపెనీ మనిషికైతే కంపెనీ కడుతుంది. ఆజాద్ వీసావాడు తన అఖామా రెన్యువల్ తానే కట్టుకోవాలి, ఖఫీల్‌కు నెలనెలా మామూలు వేరే. కట్టలేకపోతే అఖామా అయిపోతుంది, మనిషి పారిపోయాడని ఖఫీల్ సర్కారుకు రాసిస్తాడు, దాన్నే హురూబ్ అంటారు, ఇక ఆ మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాల్లేనివాడు. ఔట్‌పాస్ (ఇంటికి పోయే కాగితం) కోసమో క్షమాభిక్ష కోసమో ఎదురుచూస్తూ దాక్కుని పని చేయడమే. అలా పనిచేసేవాడికి గంట రేటు ఎంతిచ్చినా ఇచ్చినట్టే, అడిగే నోరుండదు.

ఆ లెవీ కంపెనీ లెక్కను కూడా మార్చింది. 1000 రియాళ్ల లేబర్ మీద 800 రియాళ్ల లెవీ కట్టే యజమాని, ఇద్దరు లేబర్ల బదులు మిషన్ నడిపే ఒకడిని పెట్టుకుంటాడు. వాడికి 2,000 ఇచ్చినా లాభమే. దానికి తోడు సౌదీ మన దేశంలోనే ట్రేడ్ టెస్టులు పెడుతోంది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు సౌదీ సంస్థ తకామొల్ పెట్టే పరీక్ష పాసైతేనే వీసా స్టాంపింగ్. 2025 జులై నుంచి వర్క్ పర్మిట్లను పనితనాన్ని బట్టి మూడు తరగతులుగా విడదీసింది. లేబర్ పడేది అన్నిటికన్నా కింది తరగతిలో. రియాద్‌లో కట్టడాలు ఆగవు, 2034 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సౌదీలోనే జరగబోతోంది. పని ఉంటుంది. ఎవరికి ఉంటుంది అన్నదే తేలుతోంది.

పని ఉండటం, జీతం రావడం కూడా వేరువేరు విషయాలే. 2014 తర్వాత చమురు ధర పడిపోయినప్పుడు సౌదీ ప్రభుత్వం కాంట్రాక్టర్ల బిల్లులు ఆపింది. దేశంలో పెద్ద నిర్మాణ కంపెనీల్లో ఒకటైన సౌదీ ఓజర్ 2016లో నెలల తరబడి జీతాలివ్వలేక, 2017 జులైలో మూతపడింది. జెడ్డాలో మనవాళ్లకు మన కాన్సులేటు తిండి పంచాల్సి వచ్చింది. చాలామంది బకాయిలు, గ్రాట్యుటీ వదులుకుని ఎగ్జిట్ మీద వచ్చేశారు. ఐదేళ్ల ఓటీ లెక్కలు నేను ఎంత బాగా వేసి చూపించినా, చమురు ధర పడితే అవి కాగితం మీదే ఉంటాయి. చిన్న సబ్‌కాంట్రాక్టర్ల దగ్గర ఇది ఏటా జరుగుతూనే ఉంటుంది, పేపర్లలో రాదు.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఖద్దామా (ఇళ్లలో చేసే) పనికి పోయే ఆడవాళ్ల లెక్క ఇంకా వేరు. కువైట్‌లో 2015 నాటి ఇంటిపని చట్టం కింద కనీస జీతం నెలకు 60 దినార్లు, వారానికో రోజు సెలవు. దినార్‌కు 270 రూపాయలకు పైనే వస్తుంది కాబట్టి 60 అంటే పదహారు వేల పైమాట. కానీ ఇంట్లో పనికి గంటలు రాసే టైమ్‌కీపర్ ఉండడు. ముప్పై ఏళ్లు నిండని ఈసీఆర్ ఆడవాళ్లకు మన ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వదు, దాంతో చాలామంది దొడ్డిదారిన పోయి ఏ రికార్డులోనూ లేకుండా మిగులుతున్నారు. ఆ బతుకు దగ్గరగా చూసినవాళ్లే దాని గురించి రాయాలి, నేను చూసింది మగవాళ్ల క్యాంపులే.

ఎన్నికలొస్తే మా నియోజకవర్గంలో గల్ఫ్ బోర్డు అని ఒకరు, గల్ఫ్ పాలసీ అని ఒకరు బ్యానర్లు కడతారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల పరిహారం ప్రకటించింది. మంచిదే. శంషాబాద్‌లో శవపెట్టె దిగిన ఇంటికి ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంది, రెండేళ్లకు 275 రూపాయలు ప్రీమియం, ప్రమాదంలో పోతే 10 లక్షలు. నిద్రలో గుండె ఆగి పోతే ఆ పది లక్షలు రావు, ఈ సంగతి చాలా ఇళ్లలో మనిషి పోయాకే తెలుస్తుంది. కానీ నా బాధ వేరే. చచ్చాక వచ్చే ఐదు లక్షల మీద జరిగినంత చర్చలో పదో వంతైనా బతికుండగా వచ్చే వెయ్యి రియాళ్ల మీద జరగలేదు. మనిషికి ఎంత జీతం ఇస్తే పంపుతాం అని యజమానుల దేశంతో మాట్లాడమని ఏ బ్యానర్ మీదా రాయరు.

మనవాళ్ల చెయ్యికి విలువ లేదని కాదు. 2024లో ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు మన దేశం నుంచి మనుషులను తీసుకున్నప్పుడు హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. తాపీ, ఫార్మ్‌వర్క్, టైల్స్, రాడ్ బెండింగ్ పనులకు నెలకు లక్షా 37 వేల రూపాయల దాకా జీతం. అప్పుడు యుద్ధం జరుగుతున్న దేశం, వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. కానీ అదే కరణి, అదే తాపీ, అదే చెయ్యి. సౌదీలో 1300 రియాళ్లు పలికింది అక్కడ నాలుగు రెట్లకు పైగా పలికింది. ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకున్నాయి, టెస్టు పెట్టారు, మధ్యలో మండలం సబ్‌ఏజెంటుకు చోటు లేదు.

కాబట్టి నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చెప్పేది తేలికైన మాటే, నచ్చదు అంతే. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో కొట్టి చూడు, లేకపోతే లేచి వచ్చేయి. 35,400కు రసీదు అడుగు. కాగితంలో బేసిక్ చూడు, డ్యూటీ ఎన్ని గంటలో చూడు, తిండి ఎవరిదో చూడు. పని పేరు లేబర్, క్లీనర్, హెల్పర్ అయితే, లక్ష అడిగితే, వద్దు. ఆ లక్షలో మూడో వంతుతో ఏసీ పనో, వెల్డింగో, హెవీ డ్రైవింగో నేర్చుకో. నా కౌంటర్ మీదికి వచ్చే కాగితాల్లో హెవీ డ్రైవర్లకు 1,800 నుంచి 2,500 రియాళ్ల దాకా కనపడుతుంది, వాళ్లలో వీసాకు డబ్బు కట్టనివాళ్లు కూడా ఉంటారు, ఎందుకంటే అక్కడ కంపెనీకే వాళ్లు కావాలి.

"హెవీ లైసెన్స్ అంటే టైం పడ్తదన్నా" అంటారు. పడుతుంది. ముందు లైట్ లైసెన్స్ తీసుకుని ఏడాది నిండాలి, తర్వాతే హెవీకి అర్హత. ఆ ఏడాది ఇక్కడే ట్రాక్టరో, ఇటుక బట్టీ బండో నడుపుకుంటే నెల గడుస్తుంది, నెత్తి మీద నూటికి మూడు రూపాయల వడ్డీ ఉండదు. లెర్నింగ్ లైసెన్స్ స్లాట్ బుక్ చేయడానికి మా సెంటర్లో పది నిమిషాలు పడుతుంది. వీసా కాపీ ప్రింటు తీయడానికైతే ఒక్క నిమిషం చాలు, ఇప్పటికీ ఎక్కువ గిరాకీ దానికే.